కడిగి బోర్లించిన డబ్బా

కరీంనగర్‌లో నేను పనిచేసే గ్రంథాలయంలో అన్నిటికంటే ముందు అట్టలూడేవి హత్యల పుస్తకాలే. నేనూ తక్కువదాన్నేమీ కాదు. పేపరు రాగానే నేరాల పేజీ తిప్పుతాను. హంతకుడు దొరికాడని తెలిస్తే ఆ వార్త మీద నాకు సగం మోజు పోతుంది. "నీకు పోలీసు కొలువు రావాల్సింది, దారి తప్పి ఇక్కడ పడ్డవు" అని మా ఆయన ఎగతాళి.

ఈ మోజే నన్ను సూరత్ దాకా లాక్కెళ్లింది. అక్కడ సాంచల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పనిచేసే మా చిన్నమ్మ కొడుకు శ్రీను పోయిన బతుకమ్మకు వచ్చి 'ఆగని సాంచ' కథ చెప్పాడు. ఇరవై ఏళ్ల కిందట సలాబత్‌పురాలోని ఒక షెడ్డులో మల్లేశం అనే మనవాణ్ని పట్టపగలు ఎవరో చంపారు. శవాన్ని చూసేసరికి అతని సాంచ ఇంకా నేస్తూనే ఉందట. చంపిందెవరో నేటికీ తెలియదు. ఇంతవరకే నిజం, మిగతాదంతా చెప్పేవాడి ఇష్టం. సేటు చేయించాడని ఒకరంటే, ఆడమనిషి గొడవని ఇంకొకరు. కరెంటు పోయినా ఆ సాంచ టకటకలాడేదని శ్రీను ఒట్టు పెట్టి మరీ చెప్పాడు.

వరంగల్‌లో సాయంత్రం ఆరు దాటాక అహ్మదాబాదు వెళ్లే రైలెక్కాను. స్లీపరు చాలు, పగటిపూట కిటికీ మనదే. బల్లార్షా రాకముందే పులిహోర ఖాళీ అయింది. ఎదుటి సీట్లలో సిరిసిల్ల కుర్రాళ్లిద్దరు పనికి పోతున్నారు. మల్లేశం కథ తెలుసా అని అడిగాను. "తెల్వకేంది మేడం, మా మేనమామ గా సాంచ మీదనే చేసిండు" అన్నాడొకడు. శ్రీను కూడా వాళ్ల దోస్తు మేనమామ దాని మీదే చేశాడన్నాడు. ఆ ఒక్క సాంచ ఎంతమంది మేనమామలను పోషించిందో దేవుడికే తెలియాలి.

మర్నాడు మధ్యాహ్నం రెండున్నరకు సూరత్‌లో దిగాను. శ్రీను ఊరవతల సచిన్ అనే ఫ్యాక్టరీల పేటలో డ్యూటీలో ఉన్నాడు కాబట్టి షేర్ ఆటోలు మారి, తాపీ నది దాటి, అమ్రోలిలోని వాళ్లింటికి ఒక్కదాన్నే చేరాను. ఆటోలకు యాభై అయింది. మన ముఖం చూసి ఎక్కువ అడుగుతారు, ఎక్కేముందే బేరం తేల్చుకోండి.

తెల్లవారి శ్రీనుకు వారపు సెలవు. వీధి మలుపులో వేడివేడి లోచో, అక్కడి శనగపిండి టిఫిను, తిని సలాబత్‌పురా వెళ్లాం. తీరా చూస్తే షెడ్డు లేదు! దాని చోట చీరల గోడౌను ఉంది. మూటలు మోసేవాళ్లు "హటో, హటో" అంటూ మమ్మల్ని గోడకు నొక్కేశారు. ఇంత దూరం వచ్చింది చీరల మూటలు చూడటానికా అని నాకు ఒళ్లు మండింది.

ఆకలేసి, గల్లీ చివర రాజవ్వ అనే ఆమె నడిపే మెస్‌లో కూర్చున్నాం. జొన్నరొట్టె, పచ్చిపులుసు, అన్నం, ఎనభై రూపాయలు. కడుపు చల్లబడగానే నా నోరు ఊరుకోలేదు, శ్రీనుతో మల్లేశం కథ ఎత్తుకున్నాను. చుట్టూ తింటున్న కొత్త కుర్రాళ్లు కూడా కలిశారు. ఆడమనిషి గొడవే అయి ఉంటుందని నేను గట్టిగా తేల్చేశాను. రాజవ్వ మా మధ్య తిరుగుతూ అందరికీ పులుసు పోస్తూనే ఉంది.

కుర్రాళ్లు వెళ్లిపోయాక ఆమె వచ్చి నా ఎదురుగా కూర్చుంది. అరవై ఉంటాయి.

"గిప్పటిదాంక నువ్వు చెప్పినవు గదా చెల్లె, గా మల్లేశం నా పెనిమిటి."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. తప్పయింది అక్కా, ఇంకెప్పుడూ ఎత్తను అన్నాను.

"ఎందుకు ఎత్తవు? చెప్పాలె. పదిమంది చెప్పుకోవాల్ననే గీ గల్లీల మెస్ పెట్టిన" అంది.

తర్వాత ఆమె చెప్పింది ఏ మేనమామకూ తెలియనిది. ఆ షెడ్డులో ఒక ఆనవాయితీ ఉండేది. ఒకడు తింటుంటే పక్కవాడు అతని సాంచలు కూడా చూసుకోవాలి. చూసుకున్నందుకు తన అన్నం డబ్బాలోంచి ఒక పాలు, అంటే వాటా, వాడికి పెట్టాలి. ఆ పాలు తిన్నవాడే డబ్బా కడిగి బోర్లించాలి. ఆరోజు మల్లేశం పక్కవాడు సెలవులో ఉన్నాడు. అయినా శవం పక్కన డబ్బా కడిగి బోర్లించి ఉంది. పోలీసులు అందరినీ అడిగారు, ఆ డబ్బాలో తిన్నానని ఒక్కడూ ఒప్పుకోలేదు.

"ఆయన చేతి బువ్వ తిని ఆయననే చంపిండు. కని అలవాటుకు డబ్బా కడిగిండు. గా దినం, రోజూ పెట్టేది పెట్టలే నేను. ఏం పెట్టిన్నో నాకెర్క, తిన్నోనికెర్క."

"ఏం పెట్టినవక్కా?" నా నోరు ఆగలేదు.

రాజవ్వ నవ్వింది. "గీ ముచ్చట ఇన్నోళ్లందరు గదే అడుగుతరు. అడగనోని కోసమే నేనున్న."

వాడూ తెలివిగా అడిగితేనో అన్నాను.

"నోరు అడుగుతది. కండ్లు అడగయి. రాసేదానివైతే రాయి చెల్లె, డబ్బా సంగతి తప్పక రాయి."

అందుకే రాస్తున్నాను.

మర్నాడు తెల్లవారకముందే తిరుగు రైలెక్కాను. భుసావల్‌లో డజను అరటిపళ్లు కొని పంచుతూ, పెట్టెలో మనవాళ్లకు కథంతా చెప్పాను. నంద్యాలకు పోతున్న ఆలుమగలు వెంటనే అడిగారు, డబ్బాలో ఏముందని. పక్క సీటు విద్యార్థిని చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి మరీ అడిగింది. అడిగిన ప్రతివాళ్ల మీదా నాకు ప్రేమ పుట్టుకొచ్చింది.

సైడు బెర్తులో ఒక పెద్దాయన ఉన్నాడు. సూరత్‌లోనే ఎక్కాడు. కథ మొదటినుంచీ విన్నాడు, అరటిపండు తీసుకున్నాడు, ఏమీ అడగలేదు. వార్ధా దాటింది, బల్లార్షా దాటింది. నా చూపు ఆయన మీదినుంచి మళ్లలేదు. హంతకుడు దొరికితే మోజు పోతుందన్న మనిషిని, దొరకాలని బతుకులో మొదటిసారి కోరుకున్నాను. ఈయన కాకూడదనీ కోరుకున్నాను.

కాగజ్‌నగర్ వస్తుండగా ఆయన సంచి భుజానికేసుకున్నాడు. "గంతకు డబ్బాల ఏముండెనమ్మా?" అన్నాడు.

హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాతే తట్టింది. ఆయన వంగి చెప్పుల కోసం వెతుక్కుంటూ అడిగాడు. కళ్లు నాకు కనపడలేదు. లేచేసరికి తలుపు వైపు తిరిగాడు, దిగి జనంలో కలిసిపోయాడు.

పాపం, ఆయన మంచివాడే అయి ఉంటాడు. నూటికి తొంభైతొమ్మిది పాళ్లు అంతే. ఆ మిగిలిన ఒక్క పాలు కోసమే సలాబత్‌పురాలో రాజవ్వ పూటపూటా పులుసు పోస్తూ ఒక్కొక్కరి కళ్లు చూస్తోంది.