పులిహోర పొట్లంలో పెన్ డ్రైవ్

బర్మాలో సైన్యం గద్దెనెక్కిన ఏడు మా ఫోన్లలో ఇంటర్నెట్ ఆగిపోయింది. మా అమ్మాయి ఇంట్లోంచే ఒక కంపెనీకి ప్రోగ్రాములు రాసేది. పాత కంప్యూటర్ పాడై వేరొకటి తెచ్చుకుంది కానీ, అందులో మాటలందించే సాధనం లేదు. రెండక్షరాలు కొడితే మిగతా మాట తనే చూపించేది అది. ముసలితనంలో అక్షరాలు దిద్దినదాన్ని, నాకది వింతగా ఉండేది. అది లేక పిల్ల పని నడవడం లేదు. గడువులోగా పని పూర్తి కాకపోతే ఉద్యోగం పోతుంది. మా ఇద్దరికీ అదే ఆధారం.

ఊళ్ళోనే తామ్వే పేటలో తన తోటి ఉద్యోగిని ఇంట్లో ఇంకా ఇంటర్నెట్ వస్తోంది. ఆ సాధనాన్ని పెన్ డ్రైవ్‌లో ఎక్కించి ఉంచింది. కానీ దారిలో వయసు పిల్లల్ని ఆపి సంచులు విప్పిస్తున్నారు. పెన్ డ్రైవ్ దొరికితే సైన్యానికి ఎదురుతిరిగిన ఊరేగింపుల వీడియోలనుకుని పట్టుకుపోతారు.

"నేనెళ్తానే. ముసలిదాన్ని ఎవడు చూస్తాడు?"

"ఆపితే ఏటి చెప్తావమ్మా?"

"గుడికెళ్ళొస్తన్నానంటాను."

"నీకు అబద్ధమాడ్డం రాదు."

"అందుకే ముందు గుడికెళ్తాను."

గుడిలో మూడు పులిహోర పొట్లాలు ఇచ్చారు. తామ్వేలో ఆ పిల్ల పెన్ డ్రైవ్‌కి ప్లాస్టిక్ కాగితం చుట్టి, ఒక పొట్లంలో అన్నం మధ్య దూర్చింది. ఏ పొట్లమో గుర్తు పెట్టాలని ఇద్దరికీ తోచలేదు.

తిరిగొస్తూ మా పేట బోటాటౌంగ్‌లో బస్సు దిగగానే సిపాయిలు ఆపారు.

"అమే, సంచిలో ఏముంది?" బర్మా వాళ్ళు అమ్మని అలాగే పిలుస్తారు.

"దేవుడి ప్రసాదం, బాబూ."

చెయ్యి చాపాడు. చాపిన చేతికి ప్రసాదం లేదనడం మా ఇళ్ళలో ఎరగం. నా చెయ్యి నన్నడక్కుండానే పై పొట్లం తీసి పెట్టేసింది. పెన్ డ్రైవ్ సంగతి అప్పుడు గాని గుర్తు రాలేదు.

వాడక్కడే ఆకు విప్పాడు. వేళ్ళతో అన్నం కెలికి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"పులుపు!" అని నవ్వాడు.

"వాడికేనా, అమే?" అన్నాడు పక్కవాడు. వాడికీ ఒకటిచ్చాను. వాడు విప్పకుండా భుజం సంచిలో వేసుకున్నాడు. తిరిగివ్వమని ఎలా అడగను? పొమ్మన్నారు. పరుగెత్తకూడదని నా కాళ్ళకి చెప్పుకుంటూ నడిచాను.

ఇంట్లో మిగిలిన పొట్లం అమ్మాయి చేతిలో పెట్టి కళ్ళు మూసుకున్నాను.

"ఉందమ్మా," అంది.

పసుపు నూనె తుడిచి కంప్యూటర్‌కి పెట్టింది. కాసేపటికి, "రా, చూడు! రెండక్షరాలకే వచ్చేస్తన్నాయి," అని పిలిచింది. నేను వెళ్ళలేదు. తలుపు గడియకి వీపానించి నిలబడ్డాను. మెట్ల మీద ఎవరో ఎక్కుతున్నారు. ఆ అడుగులు మా గుమ్మం దాటి పై అంతస్తుకి వెళ్ళేదాకా కదల్లేదు.