ఎగదోయడం ఎవరు నేర్పారు

చెరకు మొదళ్ళకు రెండు పక్కల నుంచీ మట్టి తోసి, గట్టులా పైకి లేపడాన్ని ఎగదోయడం అంటారు. ఎగ అంటే పైకి. ఇందులో వివరించడానికేముంది? మా చిన్నాన్నకు మాత్రం అరపూట పట్టేది.

గొలుగొండ దారిలో వాళ్ళ చేను. పిన్ని పార పట్టి ఎగదోస్తుంటే, ఆయన గట్టు మీద గొడుగేసుకుని కూర్చుని దారిన పోయే బైకులను ఆపేవాడు.

"ఈ పని ఎలాగ పుట్టిందో తెల్సా? మనిసికేటి తెల్సు? అడవిపంది మూతితో మట్టి పైకి తోస్తంటే సూసి నేర్సుకున్నాడు. పందే మనకి గురువు!"

అంటూ మూతి ముందుకు చాచి, మెడ విసిరి చూపించేవాడు. అచ్చం పందే. నర్సీపట్నం ఎరువుల కొట్లోనూ, పెళ్ళి భోజనాల్లోనూ అదే మూతి. చిన్నాన్న అనగానే నాకు గుర్తొచ్చేది కూడా అదే. పార మాత్రం ముట్టడు.

తుపాను గాలులొచ్చేలోగా ఎగదోయకపోతే చెరకు పడిపోతుంది. ఒక ఏడు అలాగే పిన్ని ఒక్కతే పని ముగించింది. తెల్లారి వెళ్ళి చూస్తే, అడవిపందులు పడి సగం చేను తవ్వేశాయి. చిన్నాన్న మూతి మొదటిసారి ముడుచుకుపోయింది.

పిన్ని పార తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"మీ గురువుగారొచ్చి ఎల్లిపోనారండి. ఆయనే నయం, మన సేలో దిగి మట్టి తోసినారు. మీరూ దిగండి, బేగి."