పిడి దగ్గర బొటనవేలంత మొద్దు

ముప్ఫై ఏళ్లుగా ఆయన పని కత్తులకు సాన పట్టడం. ఎంత పదును పెట్టినా పిడి దగ్గర బొటనవేలంత మేర మొద్దుగానే వదిలేసేవాడు. "పట్టుకున్నవాడి వేలు తెగకూడదు కదండీ" అనేవాడు. ఏ ప్రార్థనకూ పోడు గనుక వీధి ఆయనకు 'నాస్తికుడు' అని పేరు పెట్టింది. ఆ పేరుతో పిలిస్తే పలికేవాడు కూడా.

ఎదుటి కొట్లో దర్జీది వేరే మతం. వీధివాళ్ల పవిత్రగ్రంథాన్ని చింపి ఆ కాగితాల మీద కొలతలు రాసుకుంటున్నాడని ఎవడో పుకారు పుట్టించాడు. మధ్యాహ్నం ప్రార్థన ముగించుకుని వస్తున్న గుంపు అతన్ని జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చింది. మెడలో మూడు పోట్లు. ఇంకా కొట్టుకుంటున్న ఛాతీ మీద కుట్టుమిషను ఎత్తి పడేశారు. పదును పెట్టించుకున్న అతని కత్తెర నాస్తికుడి బల్ల మీదే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున పోలీసులు మురుగుకాలువలో దొరికిన కత్తిని తెచ్చి చూపించారు. పిడి దగ్గర బొటనవేలంత మొద్దు.

"నా పనే" అన్నాడు. ఎవరు తెచ్చారన్నప్పుడు మాత్రం సానరాయి తుడవసాగాడు.

"రేపటికల్లా గుర్తు తెచ్చుకో" అని వెళ్లాడు ఇన్‌స్పెక్టరు.

సాయంత్రానికి భార్య తమ్ముడు నలుగురిని వెంటేసుకొచ్చాడు.

"గుర్తులేదను బావా. ఒక్క మాట."

"ఉందిరా. నువ్వే తెచ్చావుగా."

"నీకు దేవుడే లేడాయె. నరకం బెంగా లేదు. అబద్ధమాడితే అడిగేదెవడు?"

"అదేరా వచ్చిన చిక్కు. నిన్ను క్షమించడానికి పైనొకడున్నాడు. నాకెవడున్నాడు?"

నలుగురిలో ఒకడు కిసుక్కున నవ్వాడు. బామ్మర్ది నవ్వలేదు. సాన మోటారు వేశాడు. మిగతావాళ్లు ఆయన కుడి అరచేతిని తిరిగే రాయికి అదిమిపట్టారు. మాంసం గోడ మీదికి చిందింది. ఎముక తగలగానే రాయి చప్పుడు మారింది.

"రేపు నోరు విప్పావో, పేగులు ఈ రాయికే చుడతాం."

భార్య పూట తప్పకుండా ప్రార్థించే మనిషి. తువ్వాలుతో ఆ చేతిని చుడుతూ అడిగింది. "చెప్తావా?"

"చెప్తాను."

"వాణ్ణి ఎత్తుకుని పెంచాను." ముడిని పళ్లతో బిగించింది. "ఆ కత్తి తెచ్చిన రోజు వాడికి మంచినీళ్లిచ్చింది నేనే. నన్నూ అడగమను."

పొద్దున స్టేషన్‌లో ఆయన చెప్పింది ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. "కత్తి దేనికన్నాడు?"

"కూరగాయలకన్నాడు."

"నమ్మావు కదా?" పాపం, ఆ ఒక్క ముక్కా ఇన్‌స్పెక్టరే అందించాడు. అవునంటే ఆయన ఇంటికి పోవచ్చు.

"మూరెడు కత్తితో కూరలెవరు తరుగుతారండీ? నమ్మలేదు. మనవాడేగదాని అడగలేదు. అదీ రాయండి."

ఇన్‌స్పెక్టరు అదీ రాశాడు. ఆయన పేరునూ ముద్దాయిల్లో చేర్చాడు. సంతకానికి కుడిచెయ్యి పనికిరాదు గనుక ఆయన ఎడమ బొటనవేలి ముద్ర వేశాడు.

మధ్యాహ్నం బావనూ బామ్మర్దినీ ఒకే వ్యానులో ఎదురెదురుగా కూర్చోబెట్టి తీసుకుపోయారు. బామ్మర్ది దారంతా కళ్లు మూసుకుని ప్రార్థిస్తూనే ఉన్నాడు. గతుకులొచ్చినప్పుడల్లా బావ తువ్వాలు చుట్టిన చేతిని రెండో చేత్తో ఎత్తి పట్టుకున్నాడు.