మూత దగ్గర వెంకటన్న

కువైట్‌లోని అర్దియాలో మా పని బిల్డింగుల కింద ఉండే నీళ్ల ట్యాంకులు కడగడం. మా గుంపులో వెంకటన్న అంటే అందరికీ చిరాకే. జగిత్యాల మనిషి, యాభై దాటాయి. ఏం చెప్పినా "ఎవలు చూసిండ్రు?" అంటాడు. కరెంటు తీశామంటే ఎవలు చూసిండ్రు, మోటారు ఆపామంటే ఎవలు చూసిండ్రు. "నీ లగ్గమైనట్టు ఎవలు చూసిండ్రే అన్నా?" అని నేనే ఎన్నోసార్లు వెక్కిరించాను. నవ్వేవాడు కాదు.

మాకో అలవాటుంది. ట్యాంకులోకి దిగేవాడు చెప్పులు మూత పక్కన విడుస్తాడు. చెప్పులుంటే లోపల మనిషి ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఎవరూ పెట్టిన రూలు కాదు, ఇంటి గడప ముందు విడిచినట్టే.

ఆ జూన్‌లో కంపెనీ రబ్బరు బూట్లు ఇచ్చింది. కడగడం అయిపోయి అందరూ పైకెక్కాక, మూలన కొంచెం మట్టి మిగిలిందని నేను బూట్లతోనే మళ్లీ దిగాను. గోడ చాటున గీకుతుంటే మూత పడింది. గొళ్లెం వేసిన చప్పుడు కూడా వినిపించింది. వెంటనే నీళ్లు వదిలారు.

ఒకటే చీకటి. నిచ్చెనెక్కి మూతను గుద్దాను, గొంతు పోయేలా అరిచాను. పైన మోటారు మోత. ఫోన్ నా సంచిలో, సంచి పైన. నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే మునుగుతున్నాయి. భయానికి లాగులోనే పోసుకున్నాను, చెప్పడానికి సిగ్గేం లేదు. ఊళ్లో ఉన్న నా భార్య భాగ్యకు ఫోన్ ఎవరు చేస్తారు, ఏమని చెబుతారు, అదే తిరుగుతోంది బుర్రలో.

పైన జరిగింది తర్వాత తెలిసింది. సామానంతా బండిలో పెట్టారు. మూత వేసిన శ్యాంసుందర్ నా గురించి "భూమేశ్ చాయ్‌కి పోయిండు, యల్లా, పోదాం" అన్నాడట. వెంకటన్న బండెక్కలేదు.

"పోంగ ఎవలు చూసిండ్రు?"

"చెప్పుల్లేవు గదనే!" అని శ్యాంసుందర్ కసిరాడట. మిగతావాళ్లూ తిట్టారట. ఆయన తిట్లు పడుతూనే వెళ్లి గొళ్లెం తీశాడు.

బయటపడగానే శ్యాంసుందర్ గల్లా పట్టాను. "సంపుతుంటివి గదరా! లోపటికి ఒక్క కేకెయ్యనీకి నోరు పడిపోయిందా?" వాడు ఏడ్చేశాడు. వెంకటన్న నా చేయి లాగేసి, "నువ్వెన్నడన్న కేకేసినవా?" అన్నాడు.

ఆరేళ్లలో కొన్ని వందల మూతలు వేశాను. ఒక్కసారి కూడా లోపలికి పిలవలేదు. నా చేతి కింద ఎవరూ చావలేదంటే అది వాళ్ల అదృష్టం.