చెవిటి మేస్త్రి కొన్న పొడుగు బార్

ఆయన్ని చెవిటి మేస్త్రి అని మొహం మీదే పిలిచేవారు. వినబడదు కదా అని వాళ్ళ ధీమా. పెదవులు కదలడం చూసి మాట మొత్తం పట్టేస్తాడన్న సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. తెలియనివాళ్ళు ఆయన ఎదుటే నిలబడి ఆయన్ని ఆడిపోసుకునేవారు. ఆయన తలూపుతూ నవ్వి, మర్నాడు వాళ్ళ దుంగని అందరికన్నా ఆఖర్న కోసేవాడు.

దుంగల్ని రంపం మిషన్‌తో పలకలుగా కోయడం ఆయన వృత్తి. ఆ మోతే చెవుల్ని కొంచెం కొంచెంగా తినేసింది. వయసులో ఉన్నప్పుడు చెవులకి మోత ఆపే డొప్పలు పెట్టుకోమంటే, నేనేమన్నా పిరికివాణ్ణా అని ఎగిరిపడ్డాడు. చేసుకున్నవాడికి చేసుకున్నంత. ఇప్పుడు తనతో పనిచేసే కూతురు మాత్రం డొప్పలు లేకుండా షెడ్డులో అడుగుపెడితే ఊరుకోడు.

ఆయన్ని ఏడిపించేది చెవుడు కాదు. కూతురు పాకే వయసులో ఉండగా జ్వరంతో భార్య పోయింది. ముఖానికి ఫొటో ఉంది, గొంతుకి ఏముంది? చెవులు బాగున్నన్నాళ్ళూ ఆ గొంతు లోపలెక్కడో మోగుతూనే ఉండేది. చెవులు మూతపడ్డాక అదీ చెరిగిపోయింది. ఎంత గింజుకున్నా గుర్తు రాదు. అన్నం ముందు కూర్చుని ఉన్నట్టుండి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, కూర కారంగా ఉందేమోనని కూతురు మజ్జిగ తెచ్చేది.

అలాంటి రోజుల్లో ఒక మహా దుంగ షెడ్డుకొచ్చింది. దాన్ని అతుకు లేని వెడల్పాటి పలకలుగా కోయాలి. మేస్త్రి దగ్గరున్న బార్, అంటే రంపపు గొలుసు దేని మీద తిరుగుతుందో ఆ ఇనప పట్టీ, దానికి చాలదు. బార్ ఎంచుకోవడానికి ఆయనకో లెక్క ఉంది. దుంగ ఎక్కడ లావుగా ఉందో అక్కడ తాడుతో కొలవాలి. మిషన్ బిగించే చట్రం రెండువైపులా మింగేదానికి ఒక జానెడు కలపాలి. అంతే. తక్కువైతే కొస చెక్కలోనే ఇరుక్కుని మిషన్ ఎదురు తన్నుతుంది. ఎక్కువైతే కొస అవతల బయటికి పొడుచుకొచ్చి, కప్పేదేమీ లేని గొలుసు మనుషుల మధ్య తిరుగుతుంది. పైగా బార్ పెరిగేకొద్దీ ఇంజను ఆయాసపడుతుంది. ఈ పాఠం అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పి విసిగించేవాడు.

తాడు జేబులో వేసుకుని మిషన్ల షాపుకి వెళ్ళాడు. షాపాయన కొత్త బార్‌లు బల్లమీద పరిచాడు. మేస్త్రి ఒక్కోదాన్నీ అద్దం పలక మీద పెట్టి వంకర ఉందేమో చూశాడు, గాడిలో గోరు దింపి అరుగుదల చూశాడు. చివరి పరీక్ష ఆయన సొంతం. బార్ అంచుని పళ్ళతో కరిచి పట్టుకుని, రెండో చివర స్క్రూడ్రైవర్‌తో కొడతాడు. పగులుంటే ఆ అదురు దవడలో బొంగురుగా తెలుస్తుంది. తాడుకి సరిగ్గా సరిపోయేది ఒకటి దొరికింది కూడా.

గోడ మూల మేకుకి ఒక పాత బార్ వేలాడుతోంది. ఎందుకో దాన్నీ కరిచి కొట్టాడు.

"ఇదిగో, వింటున్నారా?"

స్క్రూడ్రైవర్ చేతిలోంచి జారిపోయింది. షాపాయన వైపు తిరిగాడు. ఆయన పెదవులు కదలడం లేదు. స్క్రూడ్రైవర్ తీసుకుని మళ్ళీ కరిచి కొట్టాడు.

"ఇదిగో, వింటున్నారా?"

భార్య ఎప్పుడూ అలాగే పిలిచేది. మరిచిపోయిన గొంతు చెక్కుచెదరకుండా దవడ ఎముకలో పలికింది.

"మేస్త్రీ, అదెందుకు మీకు?" షాపాయన చేతులు తిప్పుతూ అన్నాడు. "ఎవరో వాడి వదిలేసింది. మీ తాడుకి మూరెడు ఎక్కువుంది. కొస బయటికొస్తుందని మీరే కదా అందరికీ చెప్తారు!"

"ఇదే కావాలి."

"కొరివితో తల గోక్కుంటానంటే నేనేం చెప్పను!"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆశ పుట్టాక చెవులున్నవాళ్ళు మాత్రం ఏం వింటారు లెండి.

మర్నాడు పొద్దున మిషన్ దుంగ నెత్తిన ఎక్కింది. కూతురు వెనకాల నడుస్తూ, కోసిన సందు మూసుకుపోకుండా చెక్కముక్కలు దిగ్గొడుతోంది. బార్ చెక్కలోకి దిగగానే పిడుల్లోంచి చేతులకి, చేతుల్లోంచి దవడకి ఆ గొంతు పాకింది.

"చిక్కిపోయారు. వేళకి తింటున్నారా?"

మేస్త్రి ఏడుస్తూ కోశాడు. పొట్టు కళ్ళలో పడిందని కూతురు అనుకుంది. మొదటి పలక దిగింది. రెండో పలకలో ఆ గొంతు నడుం నొప్పి గురించి అడిగింది. ఆయన ఇంజను మోతలో జవాబులు చెబుతూనే ఉన్నాడు. పలక చివరికొస్తుంటే ప్రాణం పోతున్నట్టుండేది. దుంగ ఇంకా లావుగా ఉంటే బాగుండునని, ఏ కోతమేస్త్రీ కోరకూడని కోరిక కోరాడు.

మూడో పలక సగంలో గొంతు మారలేదు కానీ మాట మారింది.

"పిల్ల ఏదీ? ఎంత పెద్దదైందో! ఒక్కసారి ఈ కొసకి పంపండి."

భార్య బతికుండగా ఇంజను తాడు లాగిన చప్పుడైతే చాలు, పిల్లని చంకనేసుకుని షెడ్డు దాటి, వీధి దాటి, మోత వినబడనంత దూరం వెళ్ళి కూర్చునేది. అన్నం మాడినా వెనక్కొచ్చేది కాదు. మిషన్ ఉన్నచోటికి పిల్లని రమ్మనే మనిషా ఆమె?

"పంపండి. చెయ్యి అందిస్తే చాలు."

తలెత్తి చూశాడు. కూతురు సుత్తి కింద పడేసింది. చెవుల డొప్పలు మెడలోకి జారి ఉన్నాయి. దుంగ అవతలివైపు, మూరెడు బయటికొచ్చిన కొస దగ్గర నిలబడి, ఎవరో పిలిచి చెయ్యి చాపితే అందుకోబోయినట్టు చెయ్యి చాపుతోంది.

స్విచ్ నొక్కేశాడు. గొలుసు ఆమె వేళ్ళ ముందు ఆగింది.

పరుగున వెళ్ళి ఆమెని ఇవతలికి లాగాడు. కోపంతోనో భయంతోనో ఆయన గొంతు ఎంత పెద్దగా లేచిందో ఆయనకే తెలియదు.

"అటెందుకెళ్ళావ్? నీకేమన్నా మతిపోయిందా?"

కూతురు అప్పుడే నిద్రలేచినదానిలా చూసింది. ఆమె పెదవులు నెమ్మదిగా కదిలాయి.

"ఎవరో పిలిచారు నాన్నా. ఆడమనిషి. ఎంత ఆప్యాయంగా పిలిచిందో... అమ్మ గొంతు ఇలాగే ఉండేదా?"

ఆ ప్రశ్నకి జవాబు తెలిసినవాడు లోకంలో ఆయనొక్కడే. ఉండేదని చెబితే, ఆమె మళ్ళీ ఆ కొస దగ్గరికి వెళ్తుంది. తనే వెళ్ళాలని తహతహలాడుతున్నాడు, ఆమెని ఎలా ఆపగలడు?

"కాదమ్మా," అన్నాడు. "మీ అమ్మ గొంతు ఇలా ఉండేది కాదు."

ఆమె నమ్మింది. డొప్పలు మళ్ళీ చెవులకి పెట్టుకుంది. మేస్త్రి మిషన్ దగ్గరికి వెళ్ళి, బార్ బిగించిన నట్లు విప్పడం మొదలుపెట్టాడు. ఇనుము ఇంకా వేడిగా ఉంది. అది తన దవడకి తగలకుండా ముఖం పక్కకి తిప్పుకున్నాడు.