పార్కింగులో గౌరి చోటు

మా చెల్లెలు పద్మ జగ్గయ్యపేటలో కొత్తగా కట్టిన ఏడంతస్తుల అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొనుక్కుంది. గృహప్రవేశానికి రాకపోతే జన్మలో మొహం చూడనని బెదిరించింది. తెల్లవారుజామున లేవడమంటే నాకు ఒళ్ళుమంట. అయినా ఏం చేస్తాం, విజయవాడ బస్టాండులో అయిదింటి బస్సు పట్టుకున్నాను. టికెట్టు నూటయాభై లోపే. పొద్దుటి ప్రయాణమైతే ఎడమవైపు కిటికీ చూసుకోండి, ఎండ తగలదు.

నందిగామలో టిఫిను కోసం దిగాను. అక్కడినుంచి పేటకి బస్సులకి కొదవలేదు. హోటలు ఎదురుగా వరసగా పెంకుటిళ్ళు కూలగొట్టి పునాదులు తవ్వుతున్నారు. ఇడ్లీలు తీస్తున్న ఆవిడని ఏం కడుతున్నారని అడిగాను. "ఇంకేం కడతారండీ, అపార్ట్‌మెంట్లే. కూలీలంతా ఇక్కడే తింటున్నారు, బేరం బాగానే ఉంది. కట్టడం అయ్యాక నా కొట్టు ఉంచుతారో పీకుతారో మరి" అంది. నవ్వుతూనే అంది గానీ నాకు చట్నీ వెయ్యడం మర్చిపోయింది.

ఎనిమిది కాకముందే జగ్గయ్యపేటలో ఆటో దిగాను. గేటు దగ్గర ఒకావిడ తెల్లావుని పట్టుకుని నిలబడి ఉంది. కొత్తింట్లోకి ముందు ఆవు అడుగుపెట్టాలి కదా, దానికోసం పద్మ మాట్లాడిన మనిషి. పేరు నాగమణి, ఆవు పేరు గౌరి. లిఫ్టులో ఆవెలా పడుతుందని నేను బెంగపడుతుంటే, "పైకెందుకండీ, మెట్ల దగ్గర గడప దాటిస్తే చాలన్నారు పంతులుగారు" అంది. మాటల్లో చెప్పింది, ఈ భవనం కట్టకముందు ఈ స్థలంలోనే అద్దెకి ఉండేదట. స్థలం వాళ్ళు బిల్డరుకి ఇచ్చేశాక ఊరి చివర ఒంటిగదిలోకి మారింది. ఆవు వత్సవాయిలో అన్న దొడ్లో ఉంటోంది. "వాళ్ళకీ ఇబ్బందేనండి. రేపు మైలవరం ఆయనకి ఇచ్చేస్తున్నా. కట్టేసుకోడానికి చోటు దొరికితే అమ్మేదాన్ని కాదు, దూడప్పట్నుంచీ సాకా" అంది.

ముహూర్తం దగ్గరపడింది. గౌరికి పసుపు రాసి, బొట్టుపెట్టి, బంతిపూల దండ వేశారు. మెట్ల దగ్గరికి నడిపించబోతే ఒక్క గుంజు గుంజింది. తాడు నాగమణి చేతిలోంచి జారిపోయింది. ఆవు తిన్నగా పార్కింగులోకి వెళ్ళి, మూలనున్న స్తంభానికి మెడ రుద్దుకుని, నింపాదిగా పడుకుంది. "అయ్యో రామా, టైము దాటిపోతోంది, లేపండి!" అని పద్మ ఒకటే హడావిడి. నలుగురు అదిలించారు. అది చెవి కూడా కదపలేదు.

"కొట్టకండమ్మా" అంటూ నాగమణి అడ్డం వచ్చింది. "దాని పాక అక్కడే ఉండేది. కుడితి తొట్టి ఆ స్తంభం కాడే. ఇంటికొచ్చాననుకుంటంది."

అప్పుడు కిందికి చూశాను. కింద తెల్లగీతల మధ్య రాసున్నది పద్మ ఫ్లాటు నంబరే. పద్మ కూడా చూసింది. హారతి పళ్ళెం అక్కడికే తెమ్మని, నేలమీద కూర్చుని ఆవు కాళ్ళకి పసుపు రాసింది. తర్వాత లేచి అసోసియేషన్ పెద్దమనిషితో, "ఇది నా చోటేగా అన్నయ్యగారూ, నాకు కారు కూడా లేదు. ఆవుని ఇక్కడ కట్టేసుకోనివ్వండి" అంది. ఆయన కసిరేం కొట్టలేదు. "బాగానే ఉంటుందమ్మా చెప్పుకోడానికి. పేడ, దోమలు, రేపు అందరూ నామీద పడతారు. పార్కింగు కార్లకే" అన్నాడు. తప్పని ఎలా అంటాం? అయినా ఆయన మీద కోపం వచ్చింది నాకు.

నాగమణి ఆవు పక్కన కూర్చుని గంగడోలు నిమురుతూ, "లేమ్మా, ఇది మనది కాదే ఇప్పుడు" అంది. అప్పుడు లేచింది గౌరి. గడప దాటింది, అందరూ అక్షింతలు వేశారు. పైన కొత్త స్టవ్ మీద పొంగించిన పాలు కూడా దానివే. నాగమణిని భోజనానికి ఉండమంటే, వత్సవాయి దాకా నడిపించుకెళ్ళాలని వెళ్ళిపోయింది.

ఈ భవనాలు వద్దనడానికి నేనెవర్ని? చెల్లెలు ఇన్నాళ్ళకి సొంతింట్లో పడుకుంటోందంటే నాకూ సంతోషమే. కానీ ఆ స్తంభం పక్కన ఉత్తి నేల కళ్ళలోంచి పోవడం లేదు. పద్మ ఆ చోటు ఖాళీగానే ఉంచి, తన స్కూటీని ఇప్పటికీ గేటు బయటే పెడుతోందట. మీరూ అపార్ట్‌మెంటులో గృహప్రవేశం పెట్టుకుంటే ఒక్క మాట: ఆవుని మాట్లాడుకునేటప్పుడు, దాన్ని ఇంతకుముందు ఎక్కడ కట్టేసేవారో కూడా కనుక్కోండి.