మాస్టారికి తగ్గ రాయి

మా జియాలజీ మాస్టారు పోయారని ఆయన తమ్ముడి కొడుకు ఫోన్ చేసేసరికి నేను కొట్లో ఉన్నాను. వంటగట్టుకి నల్ల గ్రానైటా, నీలం గ్రానైటా అని మొగుడూ పెళ్ళాం నా ముందే కొట్టుకుంటున్నారు. ఫోన్ పెట్టేసి, "ఇంటికెళ్ళి తేల్చుకోండి, ఇవాళ కొట్టు కట్టేశాను" అన్నాను. 

మూడో రోజు నాగావళి ఒడ్డున కార్యం. ఒక రాయి తెచ్చి, పోయిన మనిషి అందులో ఉన్నట్టు తలచి, పదో రోజు దాకా దానికే నీళ్ళూ పిండమూ పెట్టి, ఆఖరున ఏట్లో వదలడం మా వైపు ఆచారం. మాస్టారికి పిల్లల్లేరు. తమ్ముడి కొడుకే కర్త. పంతులుగారు రాయి పట్రమ్మనగానే వెళ్ళి, చేతికందింది తెచ్చాడు. పసుపు రాయబోతుంటే నా కంట పడింది. అది రాయి కాదు. ఏ వంతెన కట్టినప్పుడో మిగిలిన కాంక్రీటు పెళ్ళ.

"ఒరే, ఆగరా! అది సిమెంటు!"

"ఏదైతే ఏటక్కా, గట్టిగానే ఉన్నాది కదా."

"బతుకంతా రాళ్ళ పాఠం సెప్పిన మనిషిని సిమెంటులో కూకోబెడతావేట్రా?"

పంతులుగారు విసుక్కున్నారు. "రాయికి గోత్రం అడుగుతారా తల్లీ? మంత్రం చదివితే సరిపోతుంది."

"మీరడగరండీ. మా మాస్టారు అడుగుతారు."

చావు దగ్గర కూడా దీని నోరు ఊరుకోదు అన్నట్టు చుట్టాలంతా నన్ను చూశారు. కుర్చీలో తల వంచుకొని కూర్చున్న మాస్టారి భార్య, మేమంతా అమ్మగారని పిలిచే ఆవిడ, అప్పుడు తలెత్తారు.

"దాన్ని ఎతకనియ్యండి బాబూ," అన్నారు. "ఒసే, తొరగా రా. ఎండెక్కిపోతంది."

వెతకడం మొదలుపెట్టాను. ఒడ్డంతా ఇసుక, ఇటుక ముక్కలు, సీసా పెంకులు. గట్టు కోసుకుపోకుండా పేర్చిన బండలున్నాయి గానీ వాటిని ముట్టుకోలేదు. లారీ ఎక్కొచ్చిన రాయి మాట నమ్మొద్దనేవారు మాస్టారు. రాయి కనబడగానే పేరు చెప్పేసేవాళ్ళంటే ఆయనకి పడేది కాదు. "పేరు తరవాత చెబుదువుగాని. ముందు దానికేం జరిగిందో చెప్పు" అనేవారు.

నేను జియాలజీలో చేరింది భూమాత మీద ప్రేమతో కాదు. మా ఊరి చిన్న డిగ్రీ కాలేజీలో మిగతా గ్రూపులన్నీ నిండిపోయాయి, నా మార్కులకి రాళ్ళే మిగిలాయి. ఆ కోపం మాస్టారి మీద తీర్చుకుందామనుకున్నాను. ఆయనకి రాయిని నాలికతో చూసే అలవాటుండేది. ఒకనాడు నమూనాల పెట్టెలో ఒక నల్లబెల్లం గడ్డని మట్టిలో దొర్లించి పెట్టాను. ఆయన తీశారు, గోటితో గీరారు, నాకారు. క్లాసంతా ఆయన నోటికేసే చూసింది. ఆయన మొహంలో ఒక్క గీత కదల్లేదు.

"రాసుకోండి. గోటికి లొంగును. నీట కరుగును. చీమలు పట్టును. అందుచేత ఈ నమూనాని ఇవాళే పూర్తిచేయవలెను." సుత్తితో పగలగొట్టి అందరికీ తలో ముక్కా పంచారు. ఆఖరున నా దగ్గరికొచ్చి, "దొరికిన చోటు ఒక్కటే రాయలేకపోతన్నానమ్మా. మీ ఇంట్లో ఉట్టి మీదా, డబ్బాలోనా?" అన్నారు.

ఆ రోజు నుంచీ ఆయన క్లాసు మానలేదు. నాకంటే బాగా ఆట పట్టించే మనిషిని అంతకు ముందు చూడలేదు మరి.

విశాఖపట్నంలో యూనివర్సిటీకి వెళ్ళాలంటే ముందు కొండలు తిరిగి ఫీల్డు పని చేసి ఉండాలి. మా నాన్న ససేమిరా అన్నాడు. మాస్టారు మా వీధి అరుగు మీద కూర్చుంటే నాన్న నిలబడే మాట్లాడాడు.

"రాళ్ళేరడానికి కొండలెక్కడమెందుకండీ? మా సేలో బోలెడున్నాయి. అయ్యే ఏరమనండి, నాకూ ఓ కూలీ కలిసొస్తాది."

"ఏరడానికి కాదండీ, చూడ్డానికి."

"ఆడపిల్ల ఒక్కర్తీ మగపిల్లల్తో తిరిగితే ఊరు నన్ను సూస్తాదండి."

మాస్టారు లేచి వెళ్ళిపోయారు. మర్నాడు అమ్మగారిని వెంటబెట్టుకొని వచ్చారు. "నేనూ ఎల్తానన్నయ్యా," అన్నారావిడ. "నాకూ ఇంట్లో ఏటీ తోచట్లేదు." అన్నయ్యా అనేసరికి మా నాన్న మెత్తబడి, లోపలికెళ్ళి ఆవిడకి కుర్చీ తెచ్చి వేశాడు.

అలా రామతీర్థం కొండల మీద మాతో పాటు ఒక గొడుగు, ఒక పులిహోర కేరేజీ కూడా జియాలజీ చదివాయి. ఆవిడ నీడన కూర్చొని, "ఏవండీ, ఈ రాయి పచ్చడి బండకి పనికొస్తాదేటి?" అని అడిగేవారు. ఆయన అంతే శ్రద్ధగా చూసి, "రాదు. గింజ రాలి పచ్చట్లో పడతాది" అనేవారు. కెంపు రంగు గింజలున్న ఖోండలైటు రాయిని నా చేతిలో పెట్టి, "ఇది ఒకప్పటి బురదమ్మా. లోపలికి పోయి, ఉడికి, నలిగి, ఇలా గింజ కట్టింది" అన్నది అక్కడే. బురద అలా అవుతుందంటే నాకెందుకో నా మీద కాస్త ఆశ కలిగింది.

యూనివర్సిటీలో సీటొచ్చింది. చదువు మాత్రం పూర్తి కాలేదు. కొన్ని పేపర్లు పోయాయి, మళ్ళీ కట్టే ఓపిక లేక వచ్చేశాను. ఆయనకి మొహం చూపించలేక తప్పించుకు తిరుగుతుంటే ఆయనే మా ఇంటికొచ్చారు. "పట్టా లేకపోతే ఏటి? చూపు ఉన్నాది కదా. దాన్ని పోగొట్టుకోకు" అన్నారు. ఆ చూపుతోనే గ్రానైటు కొట్టు పెట్టాను. ఇవాళ నేను తినే అన్నం ఆ మాట పెట్టిందే.

రిటైరయ్యాక కొట్టుకొచ్చి కూర్చునేవారు. కొనేవాళ్ళకి ఆ పలక భూమిలో ఎలా చల్లారిందో మొదట్నుంచీ చెప్పేవారు. వాళ్ళు మెల్లగా జారుకునేవారు. "మాస్టారూ, మీరిలా వారం రోజులొస్తే నా కొట్టు కూడా చల్లారిపోద్ది" అనేదాన్ని. ఆయన నవ్వి, ఇంకో పలక మీద చెయ్యి వేసేవారు.

ఇవన్నీ తలుచుకుంటూ ఏటి అంచు దాకా వెళ్ళాను. అక్కడ నీళ్ళు తవ్విన గుంటలో దొరికింది. కోడిగుడ్డంత రాయి. ఏరు దొర్లించి దొర్లించి నున్నగా చేసింది. ఒక పక్క ఒకే ఒక్క ఎర్రగింజ. పరుగెత్తుకొచ్చి ముందు అమ్మగారి చేతిలో పెట్టాను. ఆవిడ బొటనవేలితో ఆ గింజని చాలాసేపు నిమిరారు. తర్వాత, "ఇది పెట్టండి," అన్నారు పంతులుగారితో.

పదో రోజు కర్త మోకాలి లోతు నీళ్ళలోకి దిగి ఆ రాయిని వదిలాడు. ఇక వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోవాలన్నారు పంతులుగారు. అందరూ గట్టెక్కుతున్నారు. నేను అమ్మగారి చెయ్యి పట్టుకొని నడిపిస్తున్నాను. నాలుగడుగులు వేసి ఆవిడ ఆగారు, వెనక్కి తిరిగారు. నేనూ తిరిగాను.

నీళ్ళు తేటగా ఉన్నాయి. రాయి మీది పసుపు సన్నటి దారంలా విడిపోయి ప్రవాహంలో సాగిపోతోంది. అది పోయిన మేర కింద ఎర్రగింజ కొంచెం కొంచెంగా బయటపడుతోంది.